పసుపు పలక

మా అత్త సోములమ్మ పొద్దున్నే పొయ్యి రాజేసి మొదట కాచేది అంబలి కాదు, నూనె. వలిసె నూనెని చిన్న గిన్నెలో గోరువెచ్చగా కాచి పట్టుకెళ్లి, నా మొగుడు ఫల్గుణ కాళ్ల దగ్గర కూర్చుంటుంది. ఒక్కో వేలూ విడదీసి, మడమల దాకా, చీలమండల దాకా రాస్తుంది. నడుము కింద ఎక్కడ గిల్లినా అతనికి తెలియదు. అయినా ఆవిడ చెయ్యి ఆపదు.

మొదట్లో ఊరుకున్నాను. తర్వాత విసుక్కోవడం మొదలుపెట్టాను. ఇంట్లో నూనంతా పాదాలకే పోతే కూరలోకి నేనేం పొయ్యాలి? "కాళ్లకి కాదత్తా, వీపుకి రాయి, పుళ్లు పడేది అక్కడ," అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో. నేను ఈ ఊరి ఆశా కార్యకర్తని, ఆ మాత్రం నాకు తెలుసు. ఆవిడ తలెత్తదు. "నీ పని నువ్వు సూసుకోయే గుంటా," అంటుంది. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆవిడకి నేను గుంటనే, చిన్నపిల్లనే.

నాకు అత్త కాకముందు ఆవిడ మేనత్త. మా అమ్మ జ్వరంతో పోయినప్పుడు మా నాన్న తాగి ఎక్కడో పడుంటే, ఆవిడే కొండ దిగి వచ్చి నన్ను చంకన వేసుకుని తెచ్చుకుంది. తన కొడుక్కి ఎంత పెట్టిందో నాకూ అంతే పెట్టింది, నన్ను హాస్టల్‌కి పంపి చదివించింది. అందుకే ఆవిడ మీద ఎంత కోపం వచ్చినా అది నా నోట్లోనే ఉండిపోతుంది. ఏడాది పాటు అలా నోట్లో ఉండిపోయిన మాట ఒకటుంది.

మా ఊరికి హుకుంపేట నుంచి కొండ కింద పారే గెడ్డ దాకా జీపు వస్తుంది. గెడ్డ దాటాక కొండెక్కాల్సిందే. ఎవరైనా పడిపోతే డోలీ కడతాం. ఒక వెదురు బొంగుకి దుప్పటి రెండు కొసలూ ముడేసి, అందులో మనిషిని కూర్చోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజాన వేసుకుని గెడ్డ దాకా దింపుతాం. పురిటి నొప్పులకీ అదే, పాము కాటుకీ అదే, విరిగిన కాలికీ అదే.

అలాంటి ఊరికి ఎలిన్ వచ్చింది. నార్వేలో ఏదో ఊరి ఆసుపత్రికీ కొండ కింద మా ఆసుపత్రికీ ఒప్పందం కుదిరిందట. దెబ్బలు తగిలినవాళ్లని దారిలో చావనివ్వకుండా తీసుకురావడం ఎలాగో ఇద్దరూ కలిసి నేర్చుకోవాలని. 'ఇద్దరూ కలిసి' అన్న మాటని మా ఆసుపత్రి డాక్టర్ దేవీప్రసాద్ గారు ఒత్తి ఒత్తి చెప్పారు. మంచివాడే, కాని ఆయన పక్కవాణ్ణి మంచినీళ్లు అడిగినా మీటింగులో మాట్లాడినట్టే ఉంటుంది. ఎలిన్ ఆ నార్వే ఆసుపత్రిలో నర్సు. కొండెక్కేసరికి ఆవిడ మొహం పండుమిరపకాయలా అయింది. ఊరంతా చూసి నవ్వింది, ఆవిడ కూడా నవ్వింది.

ఊరికొక పలక తెచ్చారు. మనిషి పొడుగుంటుంది, గట్టి ప్లాస్టిక్కు, పసుపు రంగు. చుట్టూ చేతులు పట్టడానికి కన్నాలు, మనిషిని కట్టెయ్యడానికి పట్టీలు. నడుం మీదో మెడ మీదో దెబ్బ తగిలినవాణ్ణి డోలీలో వేస్తే లోపలి ఎముక వంగి నరం తెగుతుందని, దీని మీద నిటారుగా పడుకోబెట్టి మోస్తే తెగకుండా ఉండొచ్చని చెప్పారు. చెప్పడమే కాదు, ఎలిన్ తానే నేల మీద పడిపోయినట్టు పడుకుంది. నలుగురు మగవాళ్లు ఆవిణ్ణి దుంగని దొర్లించినట్టు ఒక్క ఊపున తిప్పి పలక మీదకి ఎక్కించాలి. తల పట్టుకున్నవాడు లెక్క చెప్పాలి, మిగతావాళ్లు వినాలి. తల పట్టుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు, పరాయి ఆడమనిషి తల కదా. చివరికి ఫల్గుణ వచ్చాడు. చెవులకి రెండు వైపులా చోళ్ల గింజలు నింపిన సంచులు పెట్టి, "ఒకటి, రెండు, మూడు," అని లెక్కపెట్టి, ఆవిణ్ణి గెడ్డ దాకా దింపి మళ్లీ పైకి తెచ్చాడు. దారి పొడుగునా ఆవిడ కళ్లు గట్టిగా మూసుకునే ఉంది.

"బరువు తక్కువే. బియ్యం బస్తా ఇంతకన్నా గొడవ పెడతాది," అన్నాడు.

పాఠంలో చివరి మాట ఒకటి ఉంది. పలక మీదకి ఎక్కించే ముందు కాలి వేళ్లు కదపమని అడగాలి. కట్టాక మళ్లీ అడగాలి. ముందు కదిలి తర్వాత కదలకపోతే ఆ తప్పు మోసినవాళ్లది అని ఎలిన్ చెప్పింది, దేవీప్రసాద్ గారు తెలుగులో చెప్పారు.

"మరి ముందే కదలకపోతే?" అన్నాడు ఫల్గుణ.

"అప్పుడు తప్పు పడేసిన సెట్టుది," అన్నాడు మంగ్లు. డోలీ ముందు కొస ఎప్పుడూ మంగ్లుదే, ఊళ్లో పెద్దవాడు, ఆయన మాటకి అడ్డులేదు. అందరం పగలబడి నవ్వాం.

పలక మా ఇంటి అరుగు మీద పెట్టారు. ఎండలో మిరపకాయలు ఆరబెట్టుకోడానికి బాగుందని మా అత్త మెచ్చుకుంది.

కాఫీ పళ్లు కోస్తున్న రోజుల్లో సంత నుంచి వస్తున్న జీపు మలుపులో బోర్లా పడింది. అందులో మా ఊరి సుక్రు ఉన్నాడు. పెళ్లి కుదిరిన గుంటడు. మేం పలక పట్టుకుని పరుగెత్తాం. నేర్చుకున్నదంతా నేర్చుకున్నట్టే చేశాం. ఫల్గుణ తల పట్టుకున్నాడు, లెక్క చెప్పాడు, సుక్రు కాలి వేళ్లు కదిపాడు, కట్టాక కూడా కదిపాడు. కాని అతని కడుపు లోపల ఏదో పగిలి నెత్తురు నిండిపోతోందని మాకెవరికీ తెలియదు. ఆసుపత్రి గేటు దగ్గరే పోయాడు. పాఠంలో మెడ ఉంది, నడుం ఉంది, కడుపు లేదు.

ఆ పలక మీదే వెనక్కి తెచ్చారు. గెడ్డ దగ్గర జీపులోంచి దింపి, ఆ పలక మీదే కొండెక్కించి, ఊళ్లో దించి, ఆ పలక మీదే వల్లకాటికి మోసుకెళ్లారు. పూడ్చాక ఏం చేయాలో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. శవాన్ని మోసినది మళ్లీ ఊళ్లోకి రాదు. వెదురు బొంగైనా అంతే, మంచమైనా అంతే. పలకని సమాధి పక్కన బోర్లించి, దాని మీద సుక్రు చిరిగిన చొక్కా పరిచి, వెనక్కి చూడకుండా వచ్చేశారు.

ఆవేళే నేను మంగ్లుతో అన్నాను. "మావయ్యా, అది బతికున్నవాళ్ల కోసం ఇచ్చింది. మళ్లీ అవసరం పడతాది."

"ఆ తల్లి మొహం సూసి అను ఆ మాట," అన్నాడాయన. సుక్రు తల్లి గుమ్మంలో కూర్చుని, రానివాళ్ల కోసం చూస్తున్నట్టు దారి వైపు చూస్తోంది. నేను అనలేకపోయాను.

దేవీప్రసాద్ గారికి ఫోను చేశాను. "ప్లాస్టిక్కే కదా హేమలతా, కడిగి వాడుకోండి," అన్నారు. ఆయనకి చెప్పడం ఎలాగో తెలియలేదు. బురద అయితే కడిగితే పోతుంది. ఇంకొకటి పంపండి అంటే, కొత్తవి ఎలిన్ వాళ్లు వచ్చినప్పుడే వస్తాయన్నారు. వాళ్లు వచ్చేది మళ్లీ చలికాలానికి. అంతలోపల ఎవరూ పడకుండా ఉంటే చాలని మొక్కుకున్నాను.

మిరియాల కోత వచ్చింది. మా తోటల్లో కాఫీకి నీడ కోసం సిల్వర్ ఓక్ చెట్లు వేస్తారు, వాటికి మిరియం తీగ పాకిస్తారు. కొబ్బరి చెట్టంత ఎత్తుంటాయి. ఒంటి వెదురుకి కణుపుల దగ్గర కొమ్మలు వదిలి నిచ్చెన చేసుకుని, నడుముకి సంచి కట్టుకుని ఎక్కుతారు. ఫల్గుణ చిన్నప్పటి నుంచీ ఎక్కుతున్నాడు. ఆవేళ వెదురు విరిగింది. అంతకు మించి కారణం లేదు.

నేను తోటకి చేరేసరికి కాఫీ మొక్కల మధ్య వెల్లకిలా పడున్నాడు. చుట్టూ మిరియాలు చిందిపడి ఉన్నాయి. మెలకువగానే ఉన్నాడు. నడుం పట్టేసిందన్నాడు. నేను మోకాళ్ల మీద కూర్చుని, ఎవరూ ముట్టుకోవద్దని అరిచి, అతని చెప్పులు తీశాను.

"కాలి వేళ్లు కదుపు మావా."

కదిపాడు. రెండు కాళ్లవీ. నమ్మకం లేక అరికాలిలో గోటితో గీశాను.

"గిలిగింతలు ఎట్టకే, ఇక్కడ పేణం పోతంటే," అన్నాడు. నవ్వబోయి నొప్పికి ఆగిపోయాడు.

మా అత్త అప్పటికే తన దుప్పటి తెచ్చి మడతలు విప్పుతోంది, మంగ్లు బొంగు నరుకుతున్నాడు. డోలీ వద్దన్నాను. నడుం మీద పడ్డాడు, వంచకూడదు, పలక కావాలి అన్నాను. పలక ఎక్కడుందో అందరికీ తెలుసు. తోట కిందే వల్లకాడు, ఊరి కన్నా దగ్గర.

"ఏటే, పెనిమిటి బతికుండగానే సచ్చినోడి పలక మీద పండబెడతావేటి? నా కొడుకు ఇంకా సావనేదు," అంది మా అత్త. ఆవిడ గొంతు అంత గట్టిగా ఎప్పుడూ వినలేదు.

"మీరెవరూ ముట్టుకోకండి. నేనే తెస్తాను. నేను వచ్చేదాకా మాత్రం కదపొద్దు. నీ కాళ్లు పట్టుకుంటాను అత్తా, కదపొద్దు," అని చెప్పి కిందికి పరుగెత్తాను.

భయం వెయ్యలేదంటే అబద్ధం. సుక్రు చొక్కా ఎండకి వెలిసి పలకకి అతుక్కుపోయింది. దాన్ని తీసి సమాధి మీద పెట్టి, సుక్రూ ఏమీ అనుకోకురా తమ్ముడూ, మీ అన్న కోసం అని పైకే అన్నాను. పలక తేలికే, కాని పొడుగు. నెత్తిన పెట్టుకుంటే ప్రతి కొమ్మకీ తగులుకుంటోంది. ముళ్లు గీరుకుంటూ, పడుతూ లేస్తూ పైకి వచ్చేసరికి చెట్టు కింద ఎవరూ లేరు. మిరియాలు మాత్రం ఉన్నాయి.

అటునుంచి అటే గెడ్డ దారి పట్టాను. గెడ్డ ఒడ్డున వాళ్లని అందుకున్నాను. మంగ్లు ముందు కొస మోస్తున్నాడు. దుప్పటిలో ఫల్గుణ ముడుచుకుపోయి ఉన్నాడు, గడ్డం గుండెకి ఆనుకుని, మోకాళ్లు మొహం దగ్గరికి వచ్చి. పాదాలు బయటికి వేలాడుతుంటే మా అత్త వాటిని రెండు చేతుల్లో పట్టుకుని వెనకే నడుస్తోంది. దించమన్నాను. నా మొహం చూసి దించారు.

"కాలి వేళ్లు కదుపు మావా."

"కదుపుతన్నాను గదే," అన్నాడు ఫల్గుణ.

అవి కదలడం లేదు. నేను మళ్లీ అడగలేదు. అరికాలిలో గీశాను. అతను గెడ్డ వైపు చూస్తున్నాడు, నేను ముట్టుకున్నట్టే తెలియలేదు. ఇక ఎందుకని పలక అక్కడే ఒడ్డున పడేసి జీపెక్కాను. తర్వాత ఎవరో కర్రలతో నెట్టుకుంటూ దాన్ని మళ్లీ సుక్రు దగ్గరికే చేర్చారని విన్నాను.

ఆసుపత్రిలో దేవీప్రసాద్ గారికి ఒక్కరికే చెప్పాను, చెట్టు కింద కదిలాయని. ఆయన మొహం ఎటో తిప్పుకుని, "పైకి మాత్రం పడ్డప్పుడే పోయాయని చెబుదాం అమ్మా. పడ్డప్పుడే కాళ్లు పోయేవాళ్లూ ఉంటారు," అన్నారు. మొదటిసారి మీటింగులో మాట్లాడినట్టు కాకుండా మాట్లాడారు. విశాఖపట్నం పంపారు, ఆపరేషన్ చేశారు. కాళ్లు రాలేదు. ఫల్గుణ పసిపిల్లాడిలా మంచం మీద ఇంటికి వచ్చాడు, అన్నీ మంచం మీదే.

"పడ్డప్పుడే పోనాయంట," అని మా అత్త వచ్చినవాళ్లందరికీ చెప్పింది. నేను వింటూ అక్కడే ఉన్నాను. కాదు అత్తా, నువ్వు తొందరపెట్టావు, ఆ దుప్పటి నీది, అందులో వంచి కట్టినప్పుడు పోయాయి అని అరవాలని ఎన్నిసార్లు నోటి చివరిదాకా వచ్చిందో. అంటే ఆవిడ బతకదు. నా చిన్నప్పుడు నాకు జ్వరం వస్తే తెల్లార్లూ నన్ను ఒళ్లో పెట్టుకున్న మనిషి. మింగేశాను. ఆవిడ మాత్రం దర్జాగా పాదాలకి నూనె రాసుకుంటూ కూర్చుంటే ఒళ్లు మండిపోయేది. ఏమీ తెలియనివాళ్లకే ఇంత ఆశ ఉంటుంది అనుకునేదాన్ని.

ఫల్గుణ ఒకసారి అడిగాడు. "ఆవేళ సెట్టు కింద నా కాళ్లు కదిలినాయా?"

"నాకు గుర్తు లేదు," అన్నాను.

"నాకూ గుర్తు నేదు," అన్నాడు.

మళ్లీ చలికాలం వచ్చింది. ఎలిన్ వాళ్లు వస్తున్నారని దేవీప్రసాద్ గారు ఫోను చేశారు. కొండల మీద ఏ ఊళ్లోనూ పలకలు వాడటం లేదట. కొన్ని వల్లకాళ్లలో ఉన్నాయి, మిగతావాటిని శవం పలకలని ఎవరూ ముట్టుకోవడం లేదు. ఇలాగైతే ఈ పని ఇంతటితో ఆపేస్తారేమో అన్నారు.

"నువ్వు చూసింది నువ్వే చెప్పాలి హేమలతా. ముందు కదిలాయని, తర్వాత కదల్లేదని. మేం చెబితే నమ్మరు. నీ మొగుడు కాబట్టి నువ్వు చెబితే నమ్ముతారు. ఈ కొండ మీద ఇంకొకడు అలా పడుకోకుండా ఉంటాడు."

ఆయన చెప్పింది నిజం. మిరియాల కోత మళ్లీ వస్తోంది, ఆ చెట్లే ఎక్కాలి, ఆ వెదుళ్లే వెయ్యాలి. నేను నోరు విప్పకపోతే ఇంకెవడో మంచం ఎక్కుతాడు. నోరు విప్పితే, ఊరంతా చూస్తుండగా, నీ కొడుకు కాళ్లు తీసింది నువ్వేనని మా అత్తకి చెప్పినట్టు. సాయంత్రం ఫల్గుణకి అన్నం తినిపిస్తూ డాక్టరు గారు ఇలా అడిగారని చెప్పాను.

అతను ముద్ద మింగాడు. "నాకు గుర్తున్నది ఒకటే. నువ్వు అరికాల్లో గీకినావు. నా కాళ్లకి ఆకర్న తెలిసింది అదే," అన్నాడు.

ఏడాదంతా అతనికి తెలుసు. నాకు తెలుసని కూడా తెలుసు.

"సెప్పు. సెప్పాలి గదా," అన్నాడు. "కాని అమ్మని సంతకి పంపీసి సెప్పు."

వాళ్లు వచ్చే రోజు పొద్దున్నే మా అత్తకి సంచి ఇచ్చి, ఉప్పూ ఎండుచేపలూ లేవన్నాను. ఆవిడ సంచి చూసింది, నన్ను చూసింది. "ఉప్పు కుండడున్నాది. అయినా తెల్లోళ్లొత్తే నాను సూడొద్దేటి?" అని సంచి గోడకి తగిలించి, అందరికన్నా ముందు వెళ్లి మీటింగు పెట్టే పనస చెట్టు కింద కూర్చుంది.

ఎలిన్ ముందు మా అరుగు మీదకే వచ్చింది. మంచం మీద ఫల్గుణని చూసి గుర్తుపట్టింది. చెయ్యి పట్టుకుంది. "ఆవిణ్ణి నాను గెడ్డ దాకా మోసినాను. ఇప్పుడు నన్ను మొయ్యమను," అన్నాడు ఫల్గుణ. దేవీప్రసాద్ గారు ఆ మాట ఇంగ్లీషులో చెప్పలేదు.

మీటింగులో కొత్త పలకలు చూపించారు. ఎవరూ కదల్లేదు. మంగ్లు లేచాడు.

"అమ్మా, మీ మీద మాకు కోపం నేదు. సుక్రుగాడు ఆ పలక మీదే పోనాడు. పల్గునకి పలక ఉంటే మాత్రం ఏటైపోను? సెట్టు మీంచి పడ్డప్పుడే పోనాయి గదా కాళ్లు. మా డోలీ మాకు సాలు."

దేవీప్రసాద్ గారు నా వైపు చూశారు. లేచి నిలబడ్డాను. చెప్పాల్సింది చిన్న మాట. మా అత్త సరిగ్గా నా ఎదురుగా, మోకాళ్లు కౌగిలించుకుని కూర్చుని ఉంది. ఆవిడ మొహం ఎలా ముడతలు పడిపోయిందో ఆ క్షణం చూశాను. ఏడాది కింద ఇలా లేదు.

"చెట్టు కింద..." అన్నాను. "చెట్టు కింద నేను చూసినప్పుడు..." కళ్లనిండా నీళ్లు వచ్చేశాయి. "నాకు సరిగ్గా గుర్తు లేదు," అని కూర్చోబోయాను.

"దానికి గుర్తే."

మా అత్త లేవలేదు, కూర్చున్న చోటు నుంచే అంది. "దానికి గుర్తే. నా మొకం సూసి సెప్పనేదు. నాకూ గుర్తే. కదిలినాయి. రెండు కాళ్లవీ కదిలినాయి. దుప్పటి ఇప్పుతా సూసినాను. ఇది గీకితే ఆడు నవ్వినాడు కూడాను."

ఆవిడ నా వైపు చెయ్యి చూపించింది.

"ఇది పలక తెత్తానని పోయింది. కదపొద్దని నా కాళ్లట్టుకున్నాది. నానే బేగి ఎత్తండి, బేగి ఎత్తండి అన్నాను. అది తెచ్చీలోగా ఎల్పోవాలని అన్నాను. సచ్చినోడి పలక మీద ఎక్కితే నా కొడుకు సచ్చిపోతాడని బయిం. గెడ్డ కాడ ఇది కదపమంటే ఆడు కదుపుతన్నానన్నాడు. పాదాలు నా సేతుల్లో ఉన్నాయి. అవి కదల్నేదు."

దేవీప్రసాద్ గారు ఎలిన్‌కి చెప్పడం మొదలుపెట్టి మధ్యలో ఆగి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మంగ్లు మెల్లగా కింద కూర్చున్నాడు. ముందు కొస మోసింది ఆయనే.

నేను వెళ్లి మా అత్త పక్కన కూర్చున్నాను. నన్ను ముట్టుకోనివ్వలేదు. ఇంకా ఏదో చెప్పాల్సింది ఉన్నట్టు మంగ్లు వైపే చూస్తోంది.

"మంగ్లూ, సచ్చినోణ్ణి పలక మీద ఊళ్లోకి ఎందుకు తేవాల? గెడ్డ అవతలే దించీండి. అక్కడ బొంగు కట్టి, బొంగు మీద తెచ్చుకుందుం మన సచ్చినోణ్ణి, ఎప్పుడూ తెచ్చుకున్నట్టే. ఆ బొంగునే మసాణంలో ఒగ్గీండి. పలకని అవతలొడ్డునే గెడ్డలో కడిగీండి. అది మసాణం మొకం సూడకపోతే బతికినోళ్లదే గదా."

మంగ్లు ఆలోచించాడు. పక్కనున్న పెద్దవాళ్ల మొహాలు చూశాడు. "దానికైతే ఎవులికీ అడ్డు నేదు," అన్నాడు.

అంతే. అంత తేలిగ్గా అయిపోయింది. అవతలొడ్డున దించడం, ఇవతలకి బొంగు మీద తేవడం. దీనికి నార్వే అక్కర్లేదు, విశాఖపట్నం అక్కర్లేదు. పోయిన ఏడాది పలక ఇచ్చినప్పుడు, దీని మీద ఎవరైనా చచ్చిపోతే మీరేం చేస్తారని ఒక్కరు అడిగి ఉంటే, మంగ్లు అప్పుడూ ఇలాగే కాసేపు ఆలోచించి ఇదే మాట అనేవాడు. నా మొగుడు ఇవాళ ఏదో చెట్టు మీద ఉండేవాడు. నాకు అందరి మీదా కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

ఎలిన్ డాక్టరు గారి చేత ఆ మాటలు రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత వచ్చి మా అత్త ముందు నేల మీద కూర్చుని ఏదో అంది. "మేం అడగాల్సింది, అడగలేదు అంటోంది. ఇకనుంచి ప్రతి ఊళ్లోనూ పలక ఇచ్చేముందు ఇదే అడుగుతారట," అన్నారు దేవీప్రసాద్ గారు. మా అత్త తల ఊపింది. ఆవిడకి అది వినబడిందో లేదో నాకు తెలియదు. కొత్త పలకని మంగ్లే స్వయంగా మోసుకొచ్చి మా అరుగు మీద పెట్టాడు. ఫల్గుణ మొహం చూడలేక తల దించుకునే వెళ్లిపోయాడు.

ఫల్గుణ అంతా విన్నాడు. అరుగుకీ పనస చెట్టుకీ దూరం ఎంతని. "అమ్మా, ఇటు రా," అని పిలిచాడు. ఆవిడ రాలేదు. లేచి తోట వైపు వెళ్లిపోయింది. చీకటి పడుతుంటే వచ్చి, తినకుండా, ఎవరితో మాట్లాడకుండా, గోడ వైపు తిరిగి పడుకుంది.

మర్నాడు పొద్దున్న పొయ్యి వెలగలేదు. నేను లేచి చూసేసరికి మా అత్త గుమ్మంలో కూర్చుని దారి వైపు చూస్తోంది, సుక్రు తల్లి ఆవేళ చూసినట్టే. అప్పుడు తెలిసింది నాకు, ఏడాది పాటు ఆ పాదాలకి నూనె ఎందుకు రాసిందో. అది ఆశ కాదు. ఆవిడకి ఆశ అన్నది గెడ్డ ఒడ్డునే పోయింది. నేనా మనిషిని నూనె దండగని తిట్టాను.

పొయ్యి రాజేశాను. వలిసె నూనె కాచి గిన్నె ఆవిడ పక్కన పెట్టాను. ముట్టుకోలేదు.

"ఏటే అమ్మా, ఇయాల రాయవేటి?" లోపల్నుంచి ఫల్గుణ పిలిచాడు.

"నీకు తెల్దు గదరా. రాసినా తెల్దు, రాయకపోయినా తెల్దు."

"కాళ్లకి తెల్దు. నాకు వాసన తెలస్తాది," అన్నాడు. "ఆ వాసనొచ్చిందంటే అమ్మొచ్చిందని తెలస్తాది. రాయే అమ్మా."

ఆవిడ గోడ పట్టుకుని లేచింది. గిన్నె నేను అందుకున్నాను. ఆవిడ మంచం కాళ్ల వైపు ఎప్పుడూ కూర్చునే చోట కూర్చుని, కుడి పాదం ఒళ్లోకి తీసుకుంది. ఏడవడం మొదలుపెట్టింది, ఏడుస్తూనే బొటనవేలు దగ్గర నుంచి రాయడం మొదలుపెట్టింది.

నేను రెండో వైపు కూర్చుని ఎడమ పాదం తీసుకున్నాను. ఆవిడ వద్దనలేదు. గిన్నె మా ఇద్దరి మధ్యా పెట్టుకున్నాం.